దొరగారి ఫిల్టరు

ఆ ఇంట్లో అక్క ఉండే గది నేలమట్టంలో ఉంది. దానికి వీధివైపు ఒక కిటికీ, లోపలే స్నానాలగది ఉన్నాయి. మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి ఇవి ఎంత పెద్ద భాగ్యాలో మెట్లెక్కగలిగినవాళ్ళకు చెప్పినా తెలియదు. ఆమె తమ్ముడు పళ్ళ డాక్టరు. ఇంటి ముందు భాగమంతా అతని క్లినిక్కు. క్లినిక్కు గోడకు అవతల ఉన్నదే అక్క గది. ఆ గోడ కొట్టించి అక్కడ రెండో కుర్చీ వేసుకోవాలన్నది డాక్టరుకు ఎప్పటినుంచో ఉన్న కోరిక. అక్క కోసం మేడమీద, నీళ్ళ ట్యాంకు పక్కన, పాత సామాన్లు పడేసే రేకుల గది ఒకటి చూసి పెట్టుకున్నాడు కూడా. దానికి బయటినుంచి నిటారుగా ఇనప మెట్లు. స్నానాలగది లేదు.

అడ్డమల్లా ఒక చేప.

తల్లి ఆఖరి రోజుల్లో ఆ గదిలోనే మంచం పట్టింది. మంచం పక్కన గాజుతొట్టి ఉండేది. తొట్టిలో, నల్లటి ఒంటిమీద నిప్పురవ్వలు చల్లినట్టుండే పెద్ద చేప ఒకటి ఉండేది. తిండి వేళకు అద్దానికి ముక్కు ఆనించి, మనుషులను ఎగాదిగా చూసేది కాబట్టి తల్లి దానికి దొరగారు అని పేరు పెట్టింది. ఉద్యోగం మానుకుని తల్లికి అన్ని సేవలూ చేసింది అక్క. కొడుకు రోజూ సాయంత్రం వచ్చి గడపలో నిలబడి, "ఎలా ఉందమ్మా?" అని అడిగి వెళ్ళేవాడు. తల్లికి కొడుకు స్వభావం బాగా తెలుసు. గది అక్కకే ఉంచమని అడిగితే సరేనని, తర్వాత మరిచిపోతాడని తెలుసు. అందుకని అతని చెయ్యి పట్టుకుని, "దొరగారు బతికున్నంతకాలం అక్కని ఈ గదిలోంచి కదపనని మాటివ్వు," అంది. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మాట ఇచ్చాడు. అంత తేలిగ్గా ఇచ్చినందుకు అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

తల్లి పోయింది. చేప పోలేదు. పోకపోవడానికి కారణం తొట్టి కింది అల్మరాలో ఉన్న ఫిల్టరు.

బిందె అంత ముదురాకుపచ్చ డబ్బా అది. ఒక గొట్టం తొట్టిలోని నీళ్ళను దానిలోకి దించుతుంది. మూతలో ఉన్న మోటారు మరో గొట్టంలోంచి వాటిని పైకి తోస్తుంది. లోపల ఒకదానిమీద ఒకటి బుట్టలు: అడుగున ముతక స్పాంజి, పైన మెత్తటి స్పాంజి, నడుమ వేలిగోరంత పింగాణీ గొట్టపుముక్కలు గుప్పెళ్ళకొద్దీ. చూసేవాళ్ళు దాన్ని చెత్త పట్టే జల్లెడ అనుకుంటారు. జల్లెడ పని దానికి ఒక లెక్కలోది కాదు. చేప వదిలిన మలినం నీటిలో విషమవుతుంది. ఆ విషం కంటికి కనపడదు. నీళ్ళు అద్దంలా మెరుస్తూ ఉండగానే చేప మొప్పలు కాలిపోతాయి. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు ఆ పింగాణీ ముక్కల సందుల్లో, గోధుమరంగు జిగురులో కాపురముంటాయి. అవి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. చావడానికి మాత్రం కాసేపటి ఎండ చాలు, కుళాయి ధార చాలు. తాగేనీటిలో కలిపే క్లోరిను మనుషుల కడుపుల్లోకి చేరే సూక్ష్మజీవులను చంపినట్టే వీటినీ చంపుతుంది. అందువల్ల అక్క ఎన్నడూ ఆ ముక్కలను కుళాయి కింద పెట్టలేదు. తొట్టిలోంచే కాసిన్ని నీళ్ళు తోడి, వాటిలో ఒకసారి జాడించి, గోధుమరంగు పోకుండానే తిరిగి సర్దేది. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగుకు గ్రీజు రాసేది. గొట్టాల్లో పేరుకున్న పాచిని పొడుగాటి బ్రష్షుతో లాగేది. దేవుడి గదిలోకైనా వెళ్ళని రోజులున్నాయేమోగాని, ఆ అల్మరా ముందు ఆమె కూర్చోని వారం లేదు. ఆమె తన నేలను, తన కిటికీని, తన స్నానాలగదిని అక్కడ కూర్చుని కాపాడుకుంటున్నది.

ఒకనాటి ఉదయం డబ్బా గరగరమని, ఆగిపోయింది.

అక్క ప్లగ్గు తీసి, నీళ్ళు కారకుండా గొట్టాల మరలు బిగించి, నేలమీద చతికిలబడి మూత విప్పింది. మోటారు అడుగున చిన్న రెక్కల చక్రం ఒకటి ఉంటుంది. అల్లికసూది మందాన ఉండే పింగాణీ కడ్డీ మీద అది తిరుగుతుంది. కడ్డీ రెండు ముక్కలై ఆమె అరచేతిలోకి జారింది. కడ్డీ లేనిదే చక్రం తిరగదు. చక్రం తిరగనిదే నీళ్ళు కదలవు. నీళ్ళు కదలకుండా మూసిన డబ్బాలో ఉంటే ఆ జీవులకు ఊపిరాడదు. ఆమె బుట్టలన్నీ తీసి, తొట్టినీళ్ళు నింపిన బకెట్‌లో ముంచి, పెరట్లో నీడపట్టున గట్టు మీద పెట్టింది. అలాగైతే మధ్యాహ్నం దాకా బతుకుతాయి.

మరదలు, అంటే డాక్టరు భార్య, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఆ ఇంట్లో శుభ్రత అంతా ఆమెది. తలుపుల గడియలను కూడా ఆమె స్పిరిట్‌తో తుడిపిస్తుంది.

"ఏమిటండీ వదినా ఈ కంపు? పేషెంట్లొచ్చే వేళ!"

"ఫిల్టరు విరిగిందమ్మా. చేపల దుకాణానికి వెళ్ళొస్తా. ఈ బకెట్ మాత్రం ఎవరూ ముట్టుకోకుండా చూడు."

"ముట్టుకోవడానికి అదేమన్నా ముత్యాల మూటా?"

"కుళాయినీళ్ళు అస్సలు తగలకూడదు. ఇదివరకు కూడా చెప్పాను నీకు. తగిలితే ఇందులో ఉన్నవన్నీ చస్తాయి."

"చస్తే?"

"చేప చస్తుంది."

"వెంటనేనా?"

"వెంటనే కాదు. మెల్లగా. ఒళ్ళంతా మండి చస్తుంది."

"అయ్యో పాపం," అంది మరదలు. బకెట్‌లోకి తొంగి చూసింది. "మీ తమ్ముడు మురికిని చంపడానికి అన్నేళ్ళు చదివారు. మీరేమో మురికిని పెంచుతున్నారు. ఒకే తల్లి పిల్లలంటే ఎవరన్నా నమ్ముతారా?"

ఇద్దరూ నవ్వారు. మరదలు అడిగింది, జవాబు విన్నది, విన్నది అర్థమైందో లేదో మళ్ళీ అడిగి రూఢి చేసుకున్నది. ఆ తర్వాత జరిగినదానికి ఎవరైనా 'తెలియక' అనే మాట వాడదలచుకుంటే ఈ సంభాషణను దాటి వెళ్ళవలసి ఉంటుంది.

చేపల దుకాణందారు విరిగిన కడ్డీని వెలుతురుకు ఎత్తిపట్టి ఈల వేశాడు.

"ఈ మోడల్ ఇంకా తిరుగుతోందా అమ్మా! దీన్ని చేసిన కంపెనీయే మట్టిగొట్టుకుపోయింది. దొరగారేరి? ఉన్నారా?"

"ఉన్నారు. నిన్న నా వేలు కొరికారు."

"సార్‌కి ఈ మాట చెప్పాలి. ఎంత ప్రేమమ్మా ఆయనకి ఆ చేపంటే!"

"ఎవరికి?"

"మీ తమ్ముడుగారికి. ఏడాదికోసారైనా ఫోన్ చేస్తారు కదా. ఈ జాతివి ఎన్నాళ్ళు బతుకుతాయి, ఏమైనా తేడా కనిపిస్తే ముందే తెలుస్తుందా అని. పాపం బెంగ. అమ్మగారు పోకముందు కూడా అడిగారు. నేనూ ప్రతిసారీ ధైర్యం చెప్తుంటా, భయపడకండి సార్, బాగా చూసుకునే మనిషి ఉంటే ఇంకా ఎన్నాళ్ళైనా ఉంటుంది అని."

దుకాణందారు డబ్బాలన్నీ తిరగేసి, వేరే మోడల్ కడ్డీ ఒకటి పట్టుకొచ్చాడు. మందం సరిపోయింది. పొడుగు మాత్రం నూకగింజంత ఎక్కువ.

"దీన్ని అరగదీయాలి. ఆకురాయికి లొంగదు, పింగాణీ కదా. వజ్రప్పొడి పెట్టిన రాయి కావాలి," అన్నాడు. అని నుదురు కొట్టుకున్నాడు. "నా మతి మండ! మీ ఇంట్లోనే ఉంది కదమ్మా యంత్రం. బతికున్న పన్నునే అరగదీస్తారు, సార్‌కి ఇదో లెక్కా?"

డాక్టరు అరగదీశాడు. ఆ రోజున్నంత ఆప్యాయంగా అతను ఎప్పుడూ లేడు. కుర్చీలో ఉన్న పేషెంటును పంపించాక, బయట ఇద్దరు దవడలు పట్టుకుని కూర్చుని ఉండగానే, "ఇలా ఇవ్వక్కా," అని కడ్డీ అందుకున్నాడు. సన్నని వజ్రపు మొన డ్రిల్లుకు తగిలించాడు. నీళ్ళు చిమ్ముతూ ఒక చివర ఇంత అరగదీసి, పాత ముక్కలు పక్కన పెట్టి కొలిచి, మళ్ళీ ఇంత అరగదీశాడు. అక్క పేషెంట్ల కుర్చీ అంచున కూర్చుంది. ఎన్నేళ్ళ తర్వాతో తమ్ముడు ఆమెకోసం ఒక పని చేస్తున్నాడు.

"నా మొదటి పాలపన్ను నువ్వే పీకావు, గుర్తుందా?" అన్నాడు.

"దారం కట్టి తలుపుకి వేశాను. నువ్వు తలుపుతో పాటు పరిగెత్తావు, పన్ను ఊడకుండా."

అతను మాస్కు వెనక నవ్వాడు. "ఆ రోజే అనుకున్నా, ఇంతకంటే మంచి పద్ధతి ఏదో ఉండాలని."

"సరిపోయినట్టుందిరా. ఇచ్చెయ్యి. అవతల బుట్టలు బకెట్లో ఉన్నాయి."

"ఉండక్కా. అంచు గరుగ్గా ఉంటే మళ్ళీ విరుగుతుంది. నునుపు చేసిస్తా."

రబ్బరు బిళ్ళ తగిలించి ఒక చివర నునుపు చేశాడు. రెండో చివర నునుపు చేశాడు. మళ్ళీ మొదటిది పట్టుకున్నాడు. పెరటివైపునుంచి కుళాయి ధార బకెట్‌లో పడుతున్న చప్పుడు వచ్చింది. అక్క తల తిప్పింది. డాక్టరు కాలి కింది మీట నొక్కాడు. డ్రిల్లు కూత తప్ప ఇంకేమీ వినబడలేదు.

పెరట్లో బకెట్ బోర్లించి ఉంది. స్పాంజిలు బట్టల తీగమీద క్లిప్పులకు వేలాడుతున్నాయి. పింగాణీ ముక్కలన్నీ తెల్లటి తువ్వాలు మీద బారులు తీర్చి ఉన్నాయి. ఒక్కదానిమీద కూడా గోధుమరంగు లేదు. అవి ఎంత తెల్లగా ఉంటాయో అక్క అప్పటికి మరిచిపోయింది.

"మీ మోకాళ్ళతో మీరేం వంగుతారని నేనే కడిగేశానండీ," అంది మరదలు, చేతులు తుడుచుకుంటూ. "కుళాయి కింద పోలేదు, మొండి జిగురు. అందుకని వేణ్ణీళ్ళు కూడా పోశాను."

"చెప్పాను కదా నీకు."

"చెప్పారు. ఆ సైన్సంతా నా బుర్రకెక్కడ ఎక్కుతుంది వదినా? మంచి చెయ్యబోతే ఇదీ వరస."

డాక్టరు వాళ్ళ వెనకే వచ్చాడు. ఒక పింగాణీ ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. క్లోరిను వాసన ఏమిటో, అది దేన్ని చంపుతుందో పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషి. ముక్కను తిరిగి దాని బారులో పెట్టాడు.

"శుభ్రంగానే ఉన్నాయి కదక్కా," అన్నాడు. "ఇంకేం?"

అక్క ముక్కలు ఏరుకుని, బుట్టలు సర్ది, కొత్త కడ్డీ బిగించి, మూత వేసి ప్లగ్గు పెట్టింది. కడ్డీ అద్భుతంగా కుదిరింది. డబ్బా పిల్లిలా గుర్రుమంది. అది ఇప్పుడు జల్లెడ మాత్రమే.

మర్నాడే ఆమె దుకాణానికి వెళ్ళి, అక్కడి తొట్ల ఫిల్టర్లలోంచి కడగని స్పాంజి ముక్క కావాలని అడిగింది.

"నా దుకాణంలో మురికి అడిగి పట్టుకెళ్ళేది మీరొక్కరేనమ్మా," అన్నాడు దుకాణందారు. సంగతి విన్నాక నవ్వడం మానేశాడు. జిగురోడుతున్న స్పాంజి ముక్కను నీళ్ళ సంచీలో వేసి ఇచ్చాడు. "ఇది విత్తనం మాత్రమే. పంట చేతికొచ్చేదాకా చేపను మీరే లాక్కురావాలి. తిండి పెట్టకండి. రోజూ సగం నీళ్ళు తీసి కొత్తవి పొయ్యండి. కొత్తవాటిలో క్లోరిను పోయేదాకా ఒకరోజు ఆరుబయట నిలవ ఉంచండి."

అంటే పెరట్లో బకెట్లు నింపి పెట్టడం, మర్నాడు వాటిని ఒక్కొక్కటిగా గదిలోకి మొయ్యడం, తొట్టిలోంచి తోడినవాటిని ఒక్కొక్కటిగా స్నానాలగదిలో పారబొయ్యడం. గుమ్మం దగ్గర ఒక మెట్టు ఉంది. బకెట్‌తో ఆ మెట్టు ఎక్కేటప్పుడు ఆమె ముందు ఎడమకాలు పెట్టి, తలుపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి కుడికాలు లాక్కునేది. ఆ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు. పనిమనిషి ఉంది. బకెట్ అందుకోవడానికి ఎవరి చెయ్యీ రాలేదు. పనిమనిషి రాబోతే మరదలు వంటింట్లోంచి పిలిచింది.

దొరగారు నీళ్ళ పైకి తేలి నోరు తెరిచి గాలి మింగేవాడు. మొప్పలు ఎర్రగా ఉబ్బాయి. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. తర్వాత అడుగున ఒక మూల ఒరిగిపోయి, ఒక కన్ను గులకరాళ్ళకు ఆనించి పడుకున్నాడు. అక్క అద్దానికి చెంప ఆనించి మొప్ప కదులుతోందో లేదో చూసేది. రోజూ పొద్దున్నే మరదలు తలుపు ఓరగా తీసి, "దొరగారు ఉన్నారా వదినా?" అని పరామర్శించేది. ఉన్నాడని చెబితే, "హమ్మయ్య," అనేది. గొంతులో మాత్రం కాఫీ చల్లారిపోయిందని తెలిసినవాళ్ళ నిస్పృహ ఉండేది.

చేప అలా పడి ఉండగానే వడ్రంగి వచ్చాడు. అక్క బకెట్‌తో గుమ్మంలో ఉంది.

"అమ్మా, కాస్త ఈ టేపు చివర పట్టుకుంటారా? ఆ మూల గోడకి ఆనించండి. అంతే."

ఆమె బకెట్ దించి, టేపు చివర పట్టుకుని, చెప్పిన మూలకు ఆనించి నిలబడింది. అతను తన చెవి మీది పెన్సిల్ తీసి గోడమీద గీత గీశాడు.

"దేనికి నాయనా కొలతలు?"

"కుర్చీకమ్మా. సార్ రెండో కుర్చీ. ఇక్కడిదాకా అల్మరాలొస్తాయి, మీరు నిలబడ్డ చోట చెయ్యి కడుక్కునే సింకు. ముందే కొలిచానమ్మా, పోయిన నెలే. మీరు అప్పుడు గుడికెళ్ళారో ఎక్కడికెళ్ళారో. ఆ కాగితం ఎక్కడో పోయింది, మళ్ళీ తీసుకోమన్నారు."

"పోయిన నెలా?"

"ఆఁ. టేపు వదలకండమ్మా, జారుతోంది."

ఆమె వదలలేదు. పోయిన నెల ఫిల్టరు నిక్షేపంగా తిరుగుతోంది. చేప తన వేలు కొరుకుతోంది. పోయిన నెలే సింకు ఎక్కడ పెట్టాలో నిర్ణయమైపోయింది. అయినా ఆమె వడ్రంగి వెళ్ళాక మళ్ళీ బకెట్ ఎత్తింది. తమ్ముడు చాలా చెయ్యగలడని ఆమెకు తెలుసు. తల్లి చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాటను, చేప బతికి కళ్ళెదుట ఈదుతుండగా, మొహంమీద కాదంటాడని మాత్రం ఆమె అనుకోలేదు. చేప చావాలని వాళ్ళు ఇంత కష్టపడ్డారంటేనే మాటకు భయపడుతున్నారని లెక్క వేసుకుంది. అందుకని బతికించడమొక్కటే ఆమె పని అయింది. ఆ లెక్కలోనే ఉంది తప్పు.

నీళ్ళు మార్చి మార్చి ఆమె వేళ్ళ చివర్లు ముడతలు పడి, తెల్లగా పాలిపోయాయి. ఒకనాడు తోడిన నీళ్ళ వాసన మారినట్టు అనిపించింది. ఇంకొన్నాళ్ళకు మూత తీసి చూస్తే పింగాణీ ముక్కల అంచుల్లో లేత గోధుమరంగు పట్టుతోంది. దొరగారు మూల వదిలి లేచాడు. తిండి గింజ ఒకటి వేస్తే చూసి వదిలేశాడు. మర్నాడు మింగాడు. ఆ మర్నాడు అద్దానికి ముక్కు ఆనించి, ఇంకా ఏదీ అన్నట్టు ఎగాదిగా చూశాడు.

అక్క మోకాళ్ళు మరిచిపోయి క్లినిక్కు తలుపు దాకా వెళ్ళింది. "తమ్ముడూ! దొరగారు తిన్నాడ్రా!"

డాక్టరు గ్లవ్‌లతోనే వచ్చాడు. తొట్టి ముందు వంగి, తనవైపు వచ్చిన చేపను కొంతసేపు చూశాడు.

"గట్టిదే," అన్నాడు.

"గట్టిదే మరి."

"కూర్చో అక్కా." ఆమె కూర్చున్నాక చెప్పాడు. "ఈ వారం పనివాళ్ళొస్తారు. మేడమీద గదికి సున్నం వేయించాను. ఫ్యాను పెట్టించాను."

ఆమె తొట్టివైపు చూపించింది. "బతికే ఉందిరా."

"చూశాను."

"మాటిచ్చావు."

"ఇచ్చాను. కాదనట్లేదు."

"అమ్మ చేతిలో చెయ్యేసి ఇచ్చావు."

"అక్కా, నేనిచ్చింది ఏడాదికో రెండేళ్ళకో. ఇన్నాళ్ళుంటుందని తెలిస్తే అప్పుడే కుదరదనేవాణ్ణి. చేపని అడ్డం పెట్టుకుని ఎవరైనా గది ఆపుతారా? బయటివాళ్ళు వింటే నవ్వుతారు."

"అయితే మరి దాన్ని చంపాలని ఎందుకు చూశారు?"

"చంపడమేంటి వదినా అంత మాట!" గుమ్మంలోంచి మరదలు అంది. "అది పోతే మీకూ తేలిగ్గా ఉంటుందని. మీ నోటితో మీరే ఖాళీ చేస్తాననేవారు. ఈ మాటలన్నీ రాకపోను."

అక్క ఆమెవైపు తిరగలేదు. తమ్ముణ్ణే చూస్తూ అడిగింది. "ఆ రోజు కుళాయి చప్పుడు నీకు వినబడిందా?"

అతను ఒక గ్లవ్ వేళ్ళనుంచి లాగి తీశాడు. రెండోది తీశాడు. రెండింటినీ ఒకదాన్లో ఒకటి దూర్చి ముడి వేశాడు.

"వినబడింది," అన్నాడు.

తప్పు ఒప్పుకునేవాడి గొంతు కాదది. ఎక్కడ నొప్పి అని అడిగితే చెప్పే పేషెంటు గొంతులా మామూలుగా ఉంది. ఇక దాచవలసిన అవసరం తీరిపోయినవాళ్ళు అలా నిజం చెబుతారు.

"తొట్టిని పారెయ్యను," అన్నాడు మళ్ళీ. "పేషెంట్లు కూర్చునే హాల్లో పెడదాం. పిల్లలకి డ్రిల్లంటే భయం, చేపని చూస్తూ కూర్చుంటారు. దానికి నువ్వుండాలి. నువ్వు తప్ప ఆ ఫిల్టరుని ఎవరు చూస్తారు? వారానికోసారి దిగొచ్చి నీ పని నువ్వు చేసుకు వెళ్ళు."

"మీకూ కాస్త ఒళ్ళు కదిలినట్టుంటుంది," అంది మరదలు.

"స్నానానికి?"

"పనమ్మాయి పైకి బకెట్ తెచ్చిస్తుంది. మీరు మొయ్యక్కర్లేదు."

పనివాళ్ళు వచ్చిన రోజు ఎండ తీవ్రంగా ఉంది. దొరగారిని ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చి, గాజుతొట్టిలో నీళ్ళు తోడేసి, నలుగురు పట్టుకుని హాల్లో గోడవారగా పెట్టారు. తోడిన నీళ్ళనే మళ్ళీ పోశారు. అక్క దగ్గరుండి అన్నీ చెప్పింది. తొట్టి కింది అల్మరా వాలకుండా అడుగున చెక్కలు పెట్టించింది. గులకరాళ్ళు తన చేత్తో పరిచింది. డాక్టరు ఒకసారి తొంగి చూసి, "అక్క ఉంటే ఆ తీరే వేరు," అని పనివాళ్ళతో అన్నాడు. ఆమె మంచం అప్పటికి మేడమీదికి వెళ్ళిపోయింది. గోడకు సుత్తి దెబ్బలు మొదలయ్యాయి.

ఆఖరున ఫిల్టరు మిగిలింది. అక్క హాల్లో నేలమీద కూర్చుని మూత విప్పింది. బుట్టలు బయటికి తీసింది. పింగాణీ ముక్కలు మళ్ళీ పూర్వపు రంగుకు వచ్చాయి. వేలితో తాకితే జారుతున్నాయి. అన్నిటినీ, స్పాంజిలతో సహా, గుడ్డసంచీలోకి వంచింది. ఖాళీ బుట్టలను డబ్బాలో వరసగా దించింది. రబ్బరు రింగుకు గ్రీజు రాసింది. తమ్ముడు నునుపు చేసిచ్చిన కడ్డీ మీద చక్రాన్ని కూర్చి, మూత బిగించి, గొట్టాలు తగిలించి, ప్లగ్గు పెట్టింది. అడ్డం ఏమీ లేకపోవడంతో నీళ్ళు మునుపటికంటే జోరుగా పడ్డాయి. డబ్బా ముదురాకుపచ్చది. బయటినుంచి చూస్తే లోపల ఏముందో తెలియదు, ఏమి లేదో తెలియదు.

దొరగారు ఆమెను గుర్తుపట్టి అద్దం దగ్గరికి వచ్చాడు. చేప ఏ పాపమూ ఎరగదు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. ఇన్నాళ్ళూ తనను మోసినది అదే. ఆమె మామూలుగా వేసే తిండికి రెండింతలు వేసింది. దొరగారు ఆబగా తిన్నాడు, ఒకసారి ఆమె వేలు కూడా కొరికాడు. ఆమె చెయ్యి తుడుచుకుని, సంచీ పట్టుకుని లేచింది.

ఇనప మెట్లు ఎండకు కాలుతున్నాయి. ఆమె రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ప్రతి మెట్టుమీదా రెండు కాళ్ళూ ఆనించి నిలబడుతూ పైకి చేరింది. రేకుల గది ముందు సిమెంటు నేల నిప్పులా ఉంది. సంచీ విప్పి, ముక్కలను నేలమీద కుమ్మరించి, ఒకదానిమీద ఒకటి లేకుండా అరచేత్తో పరిచింది. చూస్తుండగానే తడి ఆరి, గోధుమరంగు పొడిబారి, పెచ్చులు లేవడం మొదలుపెట్టింది.

కిందనుంచి మరదలు గొంతు వచ్చింది. "వదినా! ఇప్పుడు అసలు చప్పుడే లేదండీ, నీళ్ళెంత తేటగా ఉన్నాయో! ఇన్నాళ్ళూ ఇలా ఎందుకు పెట్టలేదు?"

"ఇన్నాళ్ళూ చేతకాలేదమ్మా," అంది అక్క.

అడుగువైపు ఇంకా తడిగా ఉన్న ముక్కలను ఒక్కొక్కటిగా తిరగేసింది.